సత్తియ్య పట్టిన తెప్పతాడు

ముసలితనంలో సత్తియ్య ఎక్కడ కూర్చున్నా రెండు అరచేతులూ రొమ్ము ముందు జోడించుకుని కూర్చునేవాడు. చూసినవాళ్ళు పెద్దాయనకు భక్తి కుదిరిందనుకునేవారు. భక్తీ లేదు, పాడూ లేదు. దగ్గరికెళ్ళి చూస్తే ముంజేతుల మీద నరాలు తేలి కనిపించేవి. కుడిచెయ్యి ఎడమచేతిని తోస్తూ ఉండేది, ఎడమచెయ్యి ఒప్పుకోకుండా ఎదురు తోస్తూ ఉండేది. రెండూ వెంట్రుకవాసి కదిలేవి కావు. ఆ అలవాటు అతనికి కడుపుమంట వల్ల వచ్చింది. ఆ మంట పరాయివాడి మీద కూడా కాదు, సొంత అక్కమొగుడి మీద.

కొవ్వూరు రేవుకు కాస్త దిగువన, గోదావరి గట్టును ఆనుకుని చేపలు పట్టేవాళ్ళ పేట ఒకటి ఉండేది. ఎదురుగా అవతలి ఒడ్డున రాజమండ్రి. రైలు వంతెనకు ఏట్లో స్తంభాలు లేస్తున్న రోజులవి. పేటలో సత్తియ్య తండ్రి చిట్టియ్యకు పెద్ద పేరు. చేపలు ఎక్కువ పట్టినందుకు కాదండోయ్, చేపలు అందరూ పట్టేవారు. తెప్పతాడు పట్టినందుకు వచ్చిన పేరది.

ఏటా ఆషాఢంలో కొత్తనీరు ఎర్రగా దిగగానే పేటవాళ్ళు రేవులమ్మ తల్లికి తెప్ప కట్టేవారు. రెండు దోనెలు జతచేసి, పైన పలకలు పరిచి, పసుపు పూసిన ఘటం పెట్టి, పూజారమ్మను ఎక్కించి ఏట్లోకి వదిలేవారు. తెప్పకు కట్టిన తాడు కొస ఒక్క మనిషి చేతిలో ఉండేది. అతను నడుములోతు నీళ్ళలో నిలబడి తెప్పను నిలపాలి. పూజారమ్మ ఏటికి పసుపునీళ్ళు వార్చి, కొబ్బరికాయ కొట్టి, చెయ్యెత్తేదాకా అది ప్రవాహానికి పోకూడదు. తాడును గుంజకు చుట్టకూడదు, ఒంటికి చుట్టుకోకూడదు, కాళ్ళకు ఏ ఆసరా పెట్టకూడదు, అడుగు కదపకూడదు. ఉత్త చేతుల పట్టే. ఆవిడ చెయ్యెత్తాక పేటంతా తాడందుకుని తెప్పను ఒడ్డుకు లాగేది. తాడు పట్టేవాడికి రేవురాయి పక్కన ఒక చోటు ఉండేది. అక్కడ ఇంకెవరూ కాలు పెట్టకూడదని పేటలో కట్టు.

చిట్టియ్య వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ తాడు పట్టాడు. చిన్నప్పుడు సత్తియ్య గట్టుమీద నిలబడి తండ్రి వీపు చూసేవాడు. ఏరు ఎంత లాగినా ఆ వీపు కదిలేది కాదు, బెసిగేది కాదు. "మా అయ్య" అని పక్కవాళ్ళకు చెప్పుకునేవాడు, వాళ్ళకేదో తెలియనట్టు. ఆ తాడు ఎప్పటికైనా తన చేతికే వస్తుందనుకున్నాడు. ఎవరైనా అదే అనుకుంటారు. ఇంట్లో కొడుకుండగా ఇంకెవరికిస్తారు? చిట్టియ్య ఇచ్చాడు. అల్లుడికిచ్చాడు.

అల్లుడి పేరు పల్లంరాజు. యానాం వైపు నుంచి ఇల్లరికం వచ్చి, సత్తియ్య అక్క తలుపులమ్మను చేసుకుని, ఆ ఇంట్లోనే స్థిరపడ్డాడు. పొడగరి, వెడల్పాటి భుజాలు. పైగా మంచివాడు. మంచివాడి మీద ఏడవడమంత కష్టం ఇంకోటి లేదు, తిట్టడానికి ఒక్క సాకు కూడా దొరకదు. చిట్టియ్యకు కీళ్ళు పట్టేసిన ఏడే సత్తియ్యను చలిజ్వరం పీల్చేసింది. దుప్పట్లో మనిషి ఉన్నాడో లేడో తడిమి చూసుకోవలసి వచ్చేది. ఆ ఏడు తాడు పల్లంరాజు పట్టాడు. సత్తియ్య కూడా సరేనన్నాడు. మరుసటేటికి జ్వరం పోయింది, మనిషి లేచి తిరిగాడు. తాడు మాత్రం తిరిగి రాలేదు.

"ఈ ఏడు నేను పడతానయ్యా" అన్నాడు తండ్రితో.

"బావ పడతన్నాడు కదరా. పట్టినోడి చేతిలోంచి ఎలా లాక్కుంటాం" అని చిట్టియ్య చుట్ట కొస కొరికి అటు తిరిగాడు. కొడుకు ముఖం చూడలేదు.

అక్కడ అంటుకుంది. అది మొదలు పల్లంరాజు ఏం చేసినా సత్తియ్యకు ఒళ్ళు మండేది. వల విసిరితే మంట, వల దులిపితే మంట. పులస పడిననాడు నడిమి ముక్క బావ కంచంలో పడుతుంటే ఇతనికి ముద్ద దిగేది కాదు. వడ్డించే తలుపులమ్మ తమ్ముడి ముఖం చూసి, "నీకూ ఉందిరా" అనేది. ఉందని తెలుసు. ముందు అటు పడిందన్నదే బాధ. అన్నిటికంటే పెద్ద బాధ ఇంకోటుంది. మామా అల్లుళ్ళిద్దరూ గట్టుమీద కూర్చుని ఒకే చుట్ట మార్చుకుంటూ గుసగుసలాడేవారు. సత్తియ్య వస్తే మాట ఆపేసేవారు. వేసవిలో ఏరు తగ్గినప్పుడు, "రేవులో అడుగు చూసొస్తాం" అని ఇద్దరే వెళ్ళేవారు. "నేనూ వస్తా" అంటే, "నువ్వెందుకురా ఎండలో" అనేవాడు తండ్రి. తనను గురించే ఏదో చెప్పుకుంటున్నారని సత్తియ్య నమ్మకం. తన చేతులు సన్నమనో, తన గుండె చిన్నదనో నవ్వుకుంటున్నారని ఊహించుకుని, ఊహించుకున్నదానికి కూడా ఉడికిపోయేవాడు.

ఒక ఆషాఢంలో బావ నీళ్ళలో తాడు పట్టి నిలబడ్డాడు. సత్తియ్య గట్టుమీద జనంలో నిలబడి ఉన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు, "ఎంత పట్టండీ, చిట్టియ్యగారి పట్టే వచ్చింది" అని మురిసిపోతున్నారు. చిట్టియ్యగారి పట్టు చిట్టియ్య కొడుక్కి రావాలి గాని అల్లుడికి ఎలా వస్తుంది? సత్తియ్య ఎడమ పిడికిలిని కుడిచేతిలో పెట్టి, తెప్ప ఒడ్డుకొచ్చేదాకా నలిపేశాడు. మర్నాడు పొద్దున లేచేసరికి భుజాలూ రొమ్మూ తీపులు తీశాయి. నిండు వల గట్టుకు లాగిన మర్నాడు పుట్టే నొప్పి అది. ఏమీ లాగకుండా, ఏమీ మొయ్యకుండా వచ్చింది. సత్తియ్య మంచంలోనే కూర్చుని మళ్ళీ పిడికిలి నొక్కి చూసుకున్నాడు.

బలం పెంచుకోవాలంటే కొవ్వూరులో గరిడీ ఉంది. అక్కడ దండీలు తీస్తారు, గుండ్లెత్తుతారు. కానీ గరిడీకి పొద్దున వెళితే సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది. బావను చూసి ఏడవలేక సాము మొదలెట్టాడంటారు. ఆ మాట నిజం కాబట్టే సత్తియ్య భరించలేడు. పైగా గుండెత్తేవాడు ఎత్తుతాడు, దించుతాడు. తాడు పట్టేవాడు ఎత్తడు, దించడు, ఊరికే నిలబడతాడు. ఆ నిలబడటమే సాధించాలి. దానికి గుండ్లెందుకు, తన ఒళ్ళుంది, తన ఇల్లుంది.

పేట మధ్యాహ్నం కునుకు తీసే వేళ సత్తియ్య ఇంట్లో పని మొదలయ్యేది. అరచేతులు జోడించి ఒకదాన్నొకటి తోయడం. వేళ్ళు కొక్కేల్లా తగిలించి ఇటూ అటూ లాగడం. కుడిచెయ్యి పైకి మడుస్తుంటే ఎడమచెయ్యి మణికట్టు పట్టుకుని వద్దని కిందికి నొక్కడం, తరవాత చేతులు మార్చడం. ఒంటరి మనిషికి వాడి ఒంట్లోనే ఎదిరి ఉన్నాడు చూడండి. వల తాడు ముక్క పాదాల కింద వేసి తొక్కిపట్టి, మోకాళ్ళు వంచి, కొసలు పైకి లాగేవాడు. తెగే తాడు కాదు, లేచే నేల కాదు. గోడకు వీపు ఆనించి, కింద పీట లేకుండానే పీట మీద కూర్చున్నట్టు కూర్చునేవాడు. తొడలు వణికేవి, చెమట కారేది, బావ ముఖం కళ్ళముందు పెట్టుకుని ఇంకాసేపు కూర్చునేవాడు. మొదట్లో ఊపిరి బిగబట్టి తోసేవాడు. ఒకనాడు కళ్ళు చీకట్లు కమ్మి కుండల మీద పడ్డాడు. అప్పటినుంచి ఎంత బిగించినా ఊపిరి మాత్రం దాని దారిన దాన్ని పోనిచ్చేవాడు.

గుమ్మంలో నిలబడి రెండు ద్వారబంధాలనూ తోయడం అన్నిటిలోకీ అతనికిష్టం. తోసినప్పుడల్లా పైకప్పు నుంచి దుమ్ము రాలేది. ఒకరోజు అది గంజికుండలో పడింది. పెళ్ళాం అప్పాయమ్మ ఇక ఊరుకోలేదు.

"ఏవయ్యా, గుమ్మం నిన్నేవంది?"

"చెద పట్టిందేమోనని చూత్తన్నా."

"రోజూనా?"

ఆవిడ దగ్గరికొచ్చి అతని జబ్బ పట్టుకుని చూసింది. తాయెత్తు దారం కండలో దిగిపోయి ఉంది. ముఖంలోకి చూసింది.

"ఇదంతా పల్లంరాజన్నయ్య మీద కోపంతోనేనా? ఆయన నీకేం చేశాడయ్యా?"

"ఏవీ చెయ్యలేదే. ఏదన్నా చేసుంటే హాయిగా దెబ్బలాడుకునేవోణ్ణి."

అప్పాయమ్మకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. తాయెత్తుకు కొత్త దారం పొడుగ్గా పేని కట్టింది. "ఆ చేతులతో పాపం చెయ్యకు" అని మాత్రం అంది. ఆ తరవాత గంజికుండ మీద మూత పెట్టడం మరిచేది కాదు.

అలా ఏళ్ళు గడిచాయి. సత్తియ్య చొక్కా లేని మనిషే గాని పైపంచె కప్పుకు తిరిగేవాడు, ఒళ్ళు ఎవరికీ కనపడనిచ్చేవాడు కాదు. ఏటా ఆషాఢంలో గట్టుమీద నిలబడేవాడు. బావ చెయ్యి జారితే బాగుండునని అనుకోలేదంటే అబద్ధం. అనుకునేవాడు. తెప్ప మీద ముసలి పూజారమ్మ అచ్చాయమ్మ ఉందని గుర్తొచ్చి, ఛీ అని తన్ను తాను తిట్టుకునేవాడు. మళ్ళీ అనుకునేవాడు.

ఒక ఏడు తెప్ప ఇంకా రెండు రోజులుందనగా పల్లంరాజు వలలోంచి జెల్లచేప తీస్తుంటే దాని ముల్లు అరచేతిలో దిగబడింది. జెల్ల ముల్లు విషం. తెల్లారేసరికి చెయ్యి మణికట్టుదాకా పొంగింది, వేళ్ళు ముడుచుకోలేదు. తెప్పనాటి పొద్దున కులపెద్ద లోవరాజు ఇంటికొచ్చి ఆ చెయ్యి చూసి పెదవి విరిచాడు.

"చిట్టియ్యా, మరి తాడెవరికిద్దాం?"

సత్తియ్య గుమ్మంలోనే ఉన్నాడు. తండ్రి తనవైపు చూస్తాడని చూశాడు. చిట్టియ్య చూడలేదు. "నీ కొడుకు పట్టలేడంటావా, లోవరాజూ" అన్నాడు నేల చూస్తూ.

ఆ మాట సత్తియ్య చెవుల్లో సీసం పోసినట్టయింది. కన్నకొడుకు ఎదురుగా ఉండగా లోవరాజు కొడుకా? అల్లుడైపోయాడు, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ వంతొచ్చిందా? పైపంచె తీసి దండెం మీద పడేశాడు.

"నేను పడతాను" అన్నాడు.

లోవరాజు ఆ జబ్బలు చూసి నోరు తెరిచాడు. పల్లంరాజు కూడా చూశాడు. చిట్టియ్య మాత్రం భయంగా చూశాడు. "ఒద్దురా" అన్నాడు. "ఈ ఏడు వడి ఎక్కువుంది. జారిందంటే పూజారమ్మ ఏట్లో కలుత్తాది. పేటలో మళ్ళీ తలెత్తుకోలేవు."

"జారదయ్యా."

మధ్యాహ్నానికి పేటంతా గట్టుమీద ఉంది. డప్పులు మోగుతున్నాయి. సత్తియ్య నీళ్ళలోకి దిగబోతుంటే పల్లంరాజు వాచిన చెయ్యి రొమ్ముకు ఆనించుకుని వెనకే వచ్చాడు.

"సత్తియ్యా, నే నిలబడే చోటే నిలబడరా. రాయికి ఎడంపక్క. అక్కడ కింద..."

"నీ చోటు నీకే ఉంచుకో బావా" అన్నాడు సత్తియ్య. ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా ఆ ఒక్క మాటలో కక్కేశాడు. "నీ పట్టూ నాకొద్దు, నీ చోటూ నాకొద్దు."

రాయికి కుడిపక్కన దిగాడు. గట్టుమీద గొణుగుడు లేచింది. చిట్టియ్య లేవబోయి కీళ్ళు సహకరించక మళ్ళీ కూలబడ్డాడు.

తెప్ప కదిలింది. తాడు చేతుల్లో జారి, జారి, చివరికి బిగిసింది. బిగిసేసరికి సత్తియ్యకు తెలిసింది, గుమ్మం వేరు, గోదారి వేరు. గుమ్మం తను తోసినంతే తోస్తుంది. ఏటికి ఆ మర్యాద లేదు. భుజాలు ఊడి తెప్పతో పోతాయేమో అనిపించింది. పాదాల కింద బురద మెల్లమెల్లగా కరిగిపోతోంది. ఆనడానికి ఒక రాయి లేదు, రప్ప లేదు. మోకాళ్ళు వంచి, గోడకు ఆనుకుని లేని పీట మీద కూర్చున్నట్టు వెనక్కి వాలాడు. మడమలు దిగేదాకా దించాడు. ఊపిరి బిగబట్టాలనిపించింది. బిగబట్టలేదు.

తెప్ప మీద అచ్చాయమ్మకు తొందరేం లేదు. ఆవిడ పసుపునీళ్ళు నలుదిక్కులా వార్చింది. దణ్ణం పెట్టుకుంది. కొబ్బరికాయ ఎక్కడ పెట్టిందో వెతుక్కుంది. సత్తియ్య మనసులో ఆ ముసలమ్మను తిట్టాడు, వెంటనే చెంపలేసుకున్నాడు, చేతులు ఖాళీ లేవు గనక అదీ మనసులోనే. అరచేతుల్లో చర్మం లేచిపోతోంది. కళ్ళముందు బావ ముఖం పెట్టుకుందామని చూశాడు. ఎందుకో ఆ ముఖం రాలేదు. చిన్నప్పుడు గట్టుమీంచి చూసిన అయ్య వీపు వచ్చింది. ఆ వీపు బెసగలేదు. సత్తియ్యా బెసగలేదు.

కాయ పగిలింది. అచ్చాయమ్మ చెయ్యెత్తింది. పేటంతా కేక వేసి నీళ్ళలోకి దూకి తాడందుకుంది.

వేళ్ళు విప్పుకోవడానికి సత్తియ్యకు కాసేపు పట్టింది. జనం తెప్ప వెంట పోతున్నారు. ఒళ్ళంతా వణుకుతున్నా లోపల మాత్రం పండగలా ఉంది. ఆ సంబరంలోనే అతనికి ఒక పాడుబుద్ధి పుట్టింది. బావ నిలబడే చోటుకు పోయి, అక్కడ ఒకసారి నిలబడి, అక్కడినుంచే ఒడ్డెక్కాలి. ఇప్పుడు ఈ చోటు కూడా నాదేనని బావకు తెలియాలి. రాయి చుట్టూ తిరిగి ఎడంపక్కకు వెళ్ళాడు.

ముంగాలికి ఏదో టక్కున తగిలింది.

పాదంతో తడిమాడు. తాటిమొద్దు. బురదలో లోతుగా దిగ్గొట్టి ఉంది, జానెడు మాత్రం పైకి ఉంది. ఒక పక్క పాదాలు ఆనడానికి వీలుగా చెక్కి ఉంది. ఆ చెక్కుడులో కాళ్ళు పెట్టి వెనక్కి వాలితే తెప్ప కాదుకదా, ఓడనైనా నిలపొచ్చు. సత్తియ్యకు నవ్వు రాబోయింది. ఓరి బావా, ఇదా నీ పట్టు. దొంగను పట్టుకున్న సంబరంతో మునిగి, చేత్తో మొద్దంతా తడిమాడు. పక్కన గాట్లు తగిలాయి. మూడు నిలువు, ఒకటి అడ్డం. పేటలో ప్రతి ఇంటికీ తమ గెడల మీదా తెడ్ల మీదా చెక్కుకునే గుర్తుంటుంది. మూడు నిలువు ఒకటి అడ్డం చిట్టియ్య ఇంటి గుర్తు. గాట్ల అంచులు నీటికి అరిగి నున్నబడ్డాయి. పల్లంరాజు ఈ ఊరు రాకముందు చెక్కినవి.

నీళ్ళలోంచి తల పైకెత్తేసరికి పల్లంరాజు ఒడ్డు దగ్గర మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చూస్తున్నాడు.

"చెబుదామనే వచ్చాను. చెప్పనిత్తేగా" అన్నాడు.

"నీకు చెప్పాడు" అన్నాడు సత్తియ్య. "నీకు చెప్పాడు, నాకు చెప్పలేదు." ఇన్నేళ్ళ మంటా ఒక్కసారి ఎగదన్నింది. తాడు ఇచ్చినదానికంటే ఇది ఎక్కువ కాలింది.

పల్లంరాజు వాచిన చేతిని ఊదుకున్నాడు. "నాకు చెప్పడానికేముందిరా. నేను బయటినుంచొచ్చినోణ్ణి. నా దగ్గర మావకి సిగ్గేంటి? నీకు తెలిత్తే మాత్రం చచ్చిపోతానన్నాడు. చిన్నప్పుడు గట్టుమీద నిలబడి చూసేవోడివంట కదా. ఆ కళ్ళకి ఎలా చెప్పనురా అని ఎన్నిసార్లు ఏడిచాడో. అందుకే తాడు నీ చేతికి రానివ్వలేదు."

సత్తియ్య మొద్దు మీద కాలు తీసి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళూ నడిమి ముక్క ఎవరి కంచంలో పడిందో ఇప్పుడు లెక్క తేలడం లేదు. ఇక్కడ ఎవరూ కాలు పెట్టకూడదన్న కట్టు ఎవరు పెట్టారో మాత్రం తెలిసింది.

ఒడ్డెక్కాడు. చిట్టియ్య కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. చుట్ట ఆరిపోయి వేళ్ళమధ్య ఉంది. కొడుకు ఎడంపక్కనుంచి ఎక్కి రావడం చూశాడు. రక్తం కారుతున్న ముంగాలు చూశాడు.

"కాళ్ళకేవన్నా తగిలిందేంట్రా?" అన్నాడు.

సత్తియ్య తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు. చర్మం లేచిన అరచేతులతో ఆ ఆరిన చుట్ట అందుకుని, నిప్పు అంటించి, తిరిగి ఆయన వేళ్ళమధ్య పెట్టాడు.

"అంతా బురదేనయ్యా" అన్నాడు. "నువ్వెలా నిలబడ్డావో ఏంటో."